ఒకే చోటి నుంచి కొలవాలన్న బాబాయి

మా పక్క వాటాలో ఉండే బాబాయి పోయారు. పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. పిన్ని కేక విని దుకాణం వదిలి పరిగెత్తాను. ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. మా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్లది విజయనగరం వైపు, మాది ఇటు అడవి వైపు బాసగూడ. గనిలో సర్వే పని చేసి రిటైరయ్యాక నా కిరాణా దుకాణం వెనక అద్దెకు దిగారు. నేను "ఏంది బాబాయ్" అంటే, "ఏటి అనరా, నోరు తిరుగుతాది" అని ఏడిపించేవారు. నాకు మాటలు తక్కువ. సాయంత్రం లెక్క రాసుకుంటుంటే ఎదుట స్టూలు మీద కూర్చుని ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేవారు.

ఎక్కువగా కొండ గురించే. నెలనెలా ఒకే సిమెంటు దిమ్మ మీద యంత్రం నిలబెట్టి, తవ్విన కొండ ఎంత తరిగిందో కొలిచేవారట. "దిమ్మ మారిస్తే లెక్కంతా గల్లంతేరా. కొండ కదిలిందో నువ్వు కదిలావో తెలీదు" అనేవారు.

కొన్నేళ్ల కిందట విశాఖపట్నంలో గుండె స్కాన్ తీస్తే, ఒక రక్తనాళంలో కొవ్వు పేరుకుందన్నారు. మందులిచ్చి, కొన్నాళ్లకు మళ్లీ తీసి పోల్చి చూద్దామన్నారు. రెండోసారి తీసినప్పుడు పెద్దగా పెరగలేదు. ఆ రెండు ఫిల్ములూ తెచ్చి నా దుకాణంలో ట్యూబులైటుకు ఎత్తి పట్టుకున్నారు. సన్నటి దారిలో తెల్లటి మచ్చ. "చూశావా, ఉన్నచోటే ఉంది" అని మురిసిపోయారు. ఆరోజు కొన్న బెల్లం కూడా మరచి వెళ్లారు.

వీలైతే ప్రతిసారీ ఇక్కడే తీయించుకోండి, పోల్చడం సులువు అని అక్కడి డాక్టరు చెప్పారట. అది సలహా. బాబాయి దాన్ని నియమం చేసుకున్నారు.

మూడో స్కాన్ ఈ వానల్లో పడింది. ఘాట్‌లో కొండచరియలు విరిగి పట్టాల మీద పడ్డాయి, విశాఖ రైలు ఆగిపోయింది. బస్సులో అంత దూరం కూర్చోలేనన్నారు. అప్పటికే బజారు నుంచి వస్తూ నా దుకాణం ముందు ఆగి, షట్టరు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు.

"జగదల్‌పూర్‌ల చూపిద్దాం బాబాయ్. అది విశాఖంత దూరం కాదు. బండి మాట్లాడతా."

"అక్కడ తీస్తే పాతదాంతో ఎలా పోలుస్తారురా?"

"పోల్చేది తర్వాత. ముందు డాక్టర్‌ని చూడనీయండి."

లోపలి నుంచి పిన్ని వచ్చింది. "కొండని కొలిచినట్టు గుండెని కొలుస్తారేటండీ? ఆయాసానికి కూడా దిమ్మ కావాలా?"

బాబాయి నవ్వారు. "పట్టాలు బాగు చేస్తున్నారటే. రైలు రానీ."

మర్నాడూ అడిగాను. ఆ మర్నాడూ అడిగాను. రైలు రానీ అన్నారు. మందులు మాత్రం ఒక్క పూట మానలేదు. అంత జాగ్రత్త మనిషి, ఆ జాగ్రత్త కోసమే ఆగిపోయారు. ఇది నాకు మింగుడు పడటం లేదు. ఆయాసం వచ్చినప్పుడు ఏ డాక్టరు దగ్గరుంటే ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాలని నా దుకాణానికి వచ్చే పెద్దవాళ్లందరికీ ఇప్పుడు చెబుతున్నాను. మాటలు తక్కువైనా ఇది చెబుతున్నాను.

ఆయన పోయిన వారానికి రైలు దారి తెరిచారు. అస్థికలు సముద్రంలో కలపడానికి పిన్ని అదే రైలెక్కింది. తోడుగా నేను వెళ్లాను. ఘాట్‌లో సొరంగాలు మొదలయ్యాయి. బోగీలో చీకటి కమ్మిన ప్రతిసారీ పిన్ని ఒళ్లోని మూటను రెండు చేతులా గుండెకు హత్తుకునేది. వెలుతురు రాగానే నెమ్మదిగా ఒళ్లోకి దించి, పైన గుడ్డ సవరించేది. అంతలో ఇంకో సొరంగం వచ్చేది.