మరియదాసు మట్టిదిబ్బ

భిక్షం ఇరవై ఏళ్ళు సినిమా సెట్లకు తోటలు వేసిన మనిషి. పొద్దున బోడినేల చూపిస్తే మధ్యాహ్నానికల్లా పూలవనం చేసి ఇచ్చేవాడు. కుండీలు మట్టిలో దాచడం, నరికిన కొమ్మలు గుచ్చడం, కెమెరా ఉన్న వైపు పచ్చగా కనబడేలా చూడడం, అదీ అతని విద్య. షాట్ అయ్యేదాకా గడ్డి మీద కాలు పెడితే ఎంత పెద్ద హీరోనైనా కసురుకునేవాడు.

ఐటీ పుణ్యమా అని షేక్‌పేట వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. అక్కడొక కాలనీలో బ్లాకుల మధ్య రెండు ఖాళీ స్థలాలు మిగిలాయి. పిల్లలు ఆడుకునే తోటలు కావాలన్నాడు సెక్రటరీ కమలాకర్. ఒకటి భిక్షానికి, రెండోది మోతీనగర్ నర్సరీలో పనిచేసే మరియదాసుకు అప్పగించాడు. ఎవరి పని నచ్చితే వాళ్ళకే పర్మినెంటు మాలి ఉద్యోగం. సెట్ల పని తగ్గిపోయిన భిక్షానికి అది దక్కి తీరాలి.

వారంలో భిక్షం తోట గేటులోంచి చూస్తే కళ్ళు చెదిరేలా తయారైంది. మరియదాసు ఏం చేశాడయ్యా అంటే, పునాదుల మట్టిని దిబ్బగా పోయించి, గరిక నాటి, పక్కన నాలుగు జామ మొక్కలు పెట్టి ఊరుకున్నాడు.

"గిదేం తోట? గాడిదలు పొర్లనీకి చేసినవా?" అని నవ్వాడు భిక్షం.

ఆ నవ్వు రెండు రోజులు నిలవలేదు. సాయంత్రమైతే పిల్లలంతా దిబ్బ మీదే. ఎక్కడం, దొర్లడం, మళ్ళీ ఎక్కడం. భిక్షం తోటలో బంతి పడినా తెచ్చుకోవడానికి జంకేవాళ్ళు. కాలు పెట్టకముందే "గడ్డి తొక్కకుండ్రి" అని అరిచేవాడు మరి. ఇరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా! చివరికి సొంత మనవరాలు బుజ్జి కూడా చెయ్యి విడిపించుకుని దిబ్బకే పరుగెత్తింది. భిక్షానికి కడుపు భగ్గుమంది. ఆ పూట అన్నం సయించలేదు. మరియదాసు నవ్వినా మంటే, దగ్గినా మంటే.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనిది చూసి, పైపు లాక్కొచ్చి దిబ్బంతా తడిపేశాడు. బురదైతే తల్లులు పిల్లల్ని పంపరని అతని ఎత్తు. తల్లులు తిట్టిన మాట నిజమే, వినేదెవరు? జారుడుబండ దొరికిందని పిల్లలు ఎగబడ్డారు. బాల్కనీల్లోంచి చూసిన నాన్నలు కూడా ప్యాంట్లు మడిచి దిగారు.

కమలాకర్ మురిసిపోయాడు. "ఐడియా మస్తుంది, మరియదాసూ."

"నాది కాదండీ. నీళ్ళు పెట్టింది భిక్షం అన్న, నేను దూరం నుంచి చూశాను. నాకు తట్టనే లేదు," అన్నాడు మరియదాసు, మనసులో ఏ కల్మషమూ లేకుండా.

భిక్షం వంగి పైపు చుట్టడంలో పడ్డాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగాన్ని కమలాకర్ భిక్షానికే ఇచ్చాడు. మరియదాసు గడ్డపార భుజాన వేసుకుని మోతీనగర్ బస్సెక్కాడు.

ఇప్పుడు దిబ్బ మీద గరిక సరిచేసేది భిక్షమే. మొన్న బుజ్జి బురద కాళ్ళతో వచ్చి అడిగింది, "తాతా, గీ దిబ్బ చేసిన తాత మల్ల ఎప్పుడొస్తడు?"

"రాడు బిడ్డా."

"జర పిలువు తాతా. ఆయనైతే మాతోని ఆడుతుండే."

భిక్షం మొహం అటు తిప్పుకున్నాడు. కళ్ళముందు లేని మనిషి మీద కూడా ఇంత కుళ్ళు పుడుతుందని అతనికి అప్పుడే తెలిసింది.