ఆమె సగంలో ఆపిన వచనం

భీమవరంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, నేను పీహెచ్‌డీకి తూర్పు జర్మనీని ఎంచుకున్నాను. మతాన్ని అనుమానంగా చూసిన ఆ సోషలిస్టు దేశంలో ఇంగ్లీషు సాహిత్యం ఎలా బోధించారు, దాని మీద పుస్తకాలు ఎవరి అనుమతితో అచ్చయ్యేవి అన్నది నా విషయం. "రొయ్యల చెరువుల మధ్య కూర్చుని ఇప్పుడు లేనే లేని దేశం మీద పరిశోధనేంటండీ మేడమ్," అని స్టాఫ్ రూంలో ఎకసెక్కం చేసేవారు.

అక్కడి ప్రచురణ సంస్థలో ఇంగ్లీషు పుస్తకాల ఎడిటర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దావిడ వీడియో కాల్‌కి ఒప్పుకున్నారు. స్టాఫ్ రూంలో కూర్చున్న నాకు మధ్యాహ్నం, ఆమెకు ఉదయం. ఇంట్లో ఒంటరిగా ఉంటానన్నారు.

ముందుమాటలో పార్టీ మాట ఒకటి లేకపోతే రాతప్రతి వెనక్కి వచ్చేదట. కవితల్లో బైబిలు ప్రస్తావన ఎక్కడున్నా కింద "పాత కథ" అని రాసి వదిలేసేవారట. ఇవన్నీ నవ్వుతూనే చెప్పారు. ఉదాహరణకు అంటూ బైబిల్లోని కాపరి కీర్తన మొదటి వచనం, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అన్నది, ఇంగ్లీషులో సగం చెప్పి ఆగారు.

మా సంఘంలో పాస్టరుగారు సగం చెప్పి ఆగితే మిగతాది అందరం అందుకుంటాం. ఊహ తెలిసినప్పటి నుంచి అదే అలవాటు. ఆలోచించకుండానే అందుకున్నాను.

ఆమె నవ్వు పోయింది. తల తిప్పి వెనక తలుపు వైపు చాలాసేపు చూశారు. అక్కడ ఎవరూ లేరని తెలిసినా నేనూ మా స్టాఫ్ రూం తలుపు వైపు చూశాను.

తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. అప్పట్లో ఒక ఆఫీసు మీటింగులో పై అధికారి సరదాకి అన్నట్టు ఇలాగే సగం చెప్పి ఆగాడట. పక్కనున్న అమ్మాయి అందుకుంది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి రాలేదు. తన బల్ల కూడా లేదు. ఎవరూ అడగలేదు. ఈవిడ పాస్టరు కూతురై ఉండి కూడా ఆ రోజు పెదవులు బిగించుకున్నారు. దేశమే పోయినా ఆ రెండో సగం ఇప్పటికీ నోటికి రావడం లేదట.

"పోయేలోగా ఒక్కసారి చెప్పాలని ఉంది. మీరు మొదలుపెట్టండి."

ప్రభువు ఆమె నోరు తెరుస్తాడని నాకు నమ్మకం. మొదటి సగం చెప్పి ఆగాను. ఆమె పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ చెప్పాను. ఆమె లేచి వెళ్లారు. తలుపు మూసిన చప్పుడు, గడియ చప్పుడు. తెర మీద గోడ మాత్రమే మిగిలింది.

ఎక్కడి నుంచో జర్మన్ భాషలో రెండో సగం వినిపించింది. ఎనభై దాటిన గొంతు కాదది. పడుచు గొంతు.

ఆమె వచ్చి కూర్చుని, ఆయాసపడుతూ నా ముఖంలోకి చూశారు.

"నేను చెప్పానా?"

చెప్పారండి, అన్నాను.