కనెక్షన్ పీకేస్తానన్న మామయ్య

మామయ్యకున్నది ఒకే ఒక్క పిచ్చి. ఇంటర్నెట్టూ టీవీ కలిపి ఇచ్చే కంపెనీ బిల్లు పెంచిందంటే చాలు, ఫోన్ అందుకుని "మీ కనెక్షన్ పీకేస్తాను" అంటాడు. అని ఊరుకోడు, పూటంతా మాట్లాడతాడు. ఇంత మాట్లాడి చివరికి కనెక్షన్ మాత్రం పీకడు.

రిటైరయ్యాక కొందరు మొక్కలు పెంచుకుంటారు, కొందరు బీపీ చూపించుకుంటూ తిరుగుతారు. లిఫ్టు మెకానిక్‌గా చేసి రిటైరైన మామయ్య బిల్లు కోసం ఎదురుచూస్తాడు. ధర పెంచుతున్నామని సందేశం వచ్చిన రోజు ఆయన మొహం కళకళలాడిపోతుంది. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుంటాడు.

"ఫోన్లో మాట్లాడ్డానికి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ?" అని అత్తయ్య అడిగింది ఒకసారి.

"నలిగిన చొక్కా వేసుకుంటే గొంతు కూడా నలిగినట్టుంటుందే. అవతలివాళ్లు లోకువ కడతారు."

ఆ తర్వాత ఒళ్లో ఒప్పందం కాగితాలు, చేతిలో భూతద్దం, బల్లమీద స్పీకర్ పెట్టిన ఫోన్. అందులోంచి కంపెనీవాళ్ల వెయిటింగ్ పాట మొదలవుతుంది. కోడలు పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లో ఆ పాట విని, పక్కింట్లో ఎవరో సంగీతం నేర్చుకుంటున్నారనీ, పాపం ఒక్క ముక్క దాటి ముందుకు పోలేకపోతున్నారనీ అనుకుంది. ఇప్పుడు ఆమెకీ కంఠతా వచ్చేసింది. అత్తయ్య అయితే ఆ తాళానికే కూరలు తరుగుతుంది.

అసలు ఈ కనెక్షన్ తీసుకున్న రోజు కథే వేరు. అది అత్తయ్య చెబితే వినాలి. దుకాణంలో కుర్రాడు కాగితం ముందు పెట్టి, ఇక్కడ సంతకం పెట్టండి సార్ అన్నాడట. మామయ్య కళ్లజోడు తుడుచుకుని మొదటి షరతు నుంచి చదవడం మొదలుపెట్టాడట. వెనక వరస పెరిగింది. వరసలో వాళ్లు గొణిగారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత గత్యంతరం లేక వాళ్లూ వినడం మొదలుపెట్టారు.

"బాబూ, 'గడువు ముగిశాక కంపెనీ తన విచక్షణ మేరకు ధర సవరించవచ్చు' అని రాశారు. ఆ విచక్షణ ఎవరిది? ఆయన ఎక్కడ కూర్చుంటాడు?"

"అలా మనిషి ఎవరూ ఉండరు సార్."

"మనిషే లేనప్పుడు విచక్షణ ఎలా వచ్చింది?"

వరసలో ఒకాయన నిజమే సుమా అన్నాడట. ఇంకొకావిడ తను అప్పటికే పెట్టేసిన సంతకం వెనక్కి ఇమ్మందట. దుకాణం షట్టరు సగం దించాక గానీ మామయ్య కలం మూత తియ్యలేదు.

"ఎందుకు మామయ్యా అంత కష్టపడి చదవడం? ఎలాగూ సంతకం పెట్టాల్సిందేగా?" అని కోడలు అడిగింది.

"ఎవరూ చదవరన్న ధీమాతోనే రాస్తారమ్మా అవి. ఎక్కడో ఒకడు చదువుతున్నాడని తెలిస్తే, రాసేవాడి చెయ్యి కాస్త ఆగుతుంది."

ఆ మాట ఆమెకి నచ్చింది. నవ్వుకుందామనుకుని మొదలుపెట్టి, నవ్వలేకపోయింది. మనమందరం చూడకుండా నొక్కేసే 'అంగీకరిస్తున్నాను' అనే మాటని, నిజంగా అంగీకరించాకే అనాలనుకునే మనిషి ఈ ఇంట్లో ఒకడున్నాడు. ఎగతాళి చెయ్యడం తేలికే. అలా బతకడమే కష్టం.

టీవీ ప్యాకేజీ గొడవ ఇంకోటి. రోజంతా చేపలు పట్టడం చూపించే చానెల్ ఒకటి అందులో వచ్చి చేరింది. భాష అర్థం కాదు, చేపా పడదు. తీసేయండి, ఆ మేరకు డబ్బు తగ్గించండి అన్నాడు మామయ్య.

"తీసేస్తే ప్యాకేజీ మారిపోతుంది సార్. అప్పుడు బిల్లు పెరుగుతుంది."

"ఉంచితే?"

"ఉంచితే పెరగదు సార్."

"అంటే ఆ చేపలవాడికి నేను అద్దె ఇవ్వకపోతే నువ్వు జరిమానా వేస్తావన్నమాట!"

ఆ పూటంతా వాదించి, చానెల్‌ని ఉంచేశాడు. డబ్బు కట్టాం గనక చూడాలని పట్టుబట్టి నెలరోజులు చూశాడు. చివరికి గాలాల్లో రకాలు చెప్పే స్థితికి వచ్చాడు. ఒకరోజు తెరమీద నిజంగానే చేప పడితే, భోజనం చేస్తున్న అత్తయ్యని పిలిచి మరీ చూపించాడు.

వాదన ఎంత వేడిగా మొదలైనా చివర మాత్రం మామయ్య మెత్తబడిపోతాడు. "నీ గొంతు పట్టేసినట్టుందేమ్మా? భోంచేశావా?" అని అవతలి మనిషి మంచీచెడ్డా విచారిస్తాడు. ఫోన్ పెట్టేముందు మార్కులు వెయ్యమంటే, అందరిలా టక్కున పెట్టెయ్యకుండా ఆగి, మొత్తం ఐదు చుక్కలూ ఇస్తాడు. గెలిచాడో ఓడాడో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

ఇదంతా కోడలికి సరదాగానే ఉండేది, తనకి ఉద్యోగం వచ్చేదాకా.

బట్టలుతికే మిషన్లు అమ్మే కంపెనీలో, ఇంట్లోంచే కస్టమర్ల ఫోన్లు ఎత్తే పని అది. హాలు పక్కన చిన్నగది ఖాళీచేసి బల్ల వేసుకుంది. తన పేరుమీద జీతం రావడం ఆమెకి అదే మొదలు. కానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ప్రొబేషన్ నడుస్తోంది. సూపర్‌వైజర్ ఒకసారి మందలించింది కూడా: "మీరు ప్రతివాళ్లతోనూ కబుర్లు పెట్టుకుంటున్నారు. కాల్ సగటు సమయం నెలాఖరుకి తగ్గకపోతే కొనసాగించలేం." దానికితోడు ఇంటర్నెట్ తెగకూడదు. తెగితే ఆ పూటకి ఆమె ఉద్యోగంలో లేనట్టే.

సరిగ్గా ఆ నెలలోనే ధర పెంచుతున్నట్టు సందేశం వచ్చింది. అదీ ఒప్పందం గడువు మధ్యలో. మామయ్య తలస్నానానికి నీళ్లు పెట్టమన్నాడు. కోడలు చిన్నగదిలోంచి పరుగున వచ్చింది.

"మామయ్యా, ఈ ఒక్క నెలా ఊరుకోకూడదూ?"

"గడువులోపల ధర పెంచబోమని సంతకం పెట్టారమ్మా వాళ్లు. మాట తప్పింది వాళ్లు."

"నిజంగా తీసేస్తే నా ఉద్యోగం పోతుంది మామయ్యా."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, నువ్వెళ్లి పని చూసుకో" అన్నాడు. ఎలా పోదో మాత్రం చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మనిషి మాట నమ్మడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

మధ్యాహ్నం విరామంలో ఆమె గుమ్మం దగ్గర నిలబడి వింది. వెయిటింగ్ పాట ఆగింది. అవతల ఒక అమ్మాయి, సన్నటి గొంతు.

"ఖర్చులు పెరగడం వల్ల ధర సవరించాల్సి వచ్చింది సార్."

"నాకూ పెరిగాయమ్మా. నేనూ మీకు కట్టేది తగ్గిస్తున్నానని ఒక సందేశం పంపితే ఒప్పుకుంటారా?"

"మీరు మాకు చాలా విలువైన కస్టమర్ సార్."

"ఆ సంగతి బిల్లు చూస్తేనే తెలిసింది. ఇప్పుడు మీ ఒప్పందం చివరి పేజీ తియ్యి. గడువు మధ్యలో ధర పెంచితే, కస్టమరు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని రాసుందా లేదా?"

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆ అమ్మాయి నెమ్మదిగా అంది. "ఉంది సార్. మీరు వెళ్లిపోవచ్చు. మిమ్మల్ని ఆపే హక్కు మాకు లేదు."

అత్తయ్య కత్తి ఆగిపోయింది. ఇన్నేళ్ల యుద్ధంలో కంపెనీ తనంతట తను ఓటమి ఒప్పుకోవడం అదే మొదటిసారి. కోడలు గుమ్మం పట్టుకుంది.

మామయ్య భూతద్దం పక్కన పెట్టాడు. "నేను వెళ్లిపోతే నీకేమైనా అవుతుందా అమ్మా?"

"అది... అది నేను చెప్పకూడదు సార్."

"చెప్పకూడదన్నావంటే చెప్పినట్టేలే. సరే, ఉంటాను. పెంచిన ధరే రాసుకో. కానీ వాళ్లు మాట తప్పారని కూడా రాసుకో."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అయితే మామయ్య ఫోన్ పెట్టలేదు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. "ఇప్పుడు నువ్వేం మాట్లాడకు తల్లీ. నేను షరతులు చదువుతూ ఉంటాను, నువ్వు ఊ కొట్టకపోయినా ఫర్వాలేదు. కాస్త నడుం వాల్చు" అని మొదటి పేజీ అందుకున్నాడు. తాపీగా, ఒక్కో మాటా విడగొట్టి చదువుతున్నాడు. కోడలు అక్కడినుంచి చేతులు ఊపింది, సైగలు చేసింది, చివరికి పరుగెత్తుకొచ్చి ఆయన చెవిలో అంది.

"పెట్టేయండి మామయ్యా! దయచేసి పెట్టేయండి!"

ఆయన కంగారుపడి పెట్టేశాడు. అలవాటైన ఐదు చుక్కలు ఇవ్వడం కూడా మర్చిపోయాడు.

"ఏమైందమ్మా?"

"ఎందుకు మామయ్యా అంతంతసేపు మాట్లాడతారు?"

మామయ్య సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు భయంతో గింజుకుంటారమ్మా. పైన ఒకడు మరమ్మతు చేస్తుంటే, తలుపు దగ్గర ఒకడు నిలబడి మాట్లాడుతూ ఉండాలి. ఆ పని ఎప్పుడూ నాదే. ఏం మాట్లాడామన్నది కాదు, మాట తెగకూడదు. ఈ ఫోన్ పిల్లలూ అంతే కదా? పొద్దున్నుంచీ ఒకే గదిలో కూర్చుని తిట్లు తింటూనే ఉంటారు. నేను లైన్లో ఉన్నంతసేపూ ఇంకొకడు వచ్చి తిట్టడు. కాసేపు ఊపిరి పీల్చుకుంటారని..." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "నువ్వు ఆ గదిలో పని మొదలెట్టాక ఇంకాస్త ఎక్కువసేపు మాట్లాడుతున్నాను. గోడ పల్చనిది తల్లీ. మధ్యాహ్నానికి నీ గొంతు ఎలా అయిపోతోందో వినిపిస్తూనే ఉంది."

కోడలు కుర్చీ పక్కనే కింద కూర్చుంది. ఈ మనిషి మంచితనం చూసి ఏడవాలో, ఆ మంచితనం చేస్తున్న ఘనకార్యం తలుచుకుని నవ్వాలో తెలియలేదు. చెప్పకుండా ఉండలేదు, చెబితే ఆయన బాధపడతాడు. అయినా చెప్పింది.

"మామయ్యా, మాకు ప్రతి కాల్‌కీ టైము లెక్కకడతారు. ఎక్కువసేపు మాట్లాడితే తప్పు మాదే అంటారు. నన్ను తీసేస్తామంటున్నదీ అందుకే."

మామయ్య మొహం పాలిపోయింది. ఒళ్లోని ఒప్పందం కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"అంటే ఇన్నాళ్లూ ఆ పిల్లల్ని లిఫ్టులో పెట్టి తలుపేసింది నేనేనన్నమాట" అన్నాడు.

"తెలిసి చేశారా ఏమిటి" అంది అత్తయ్య వంటింట్లోంచి. ఆవిడ ఆయన్ని వెనకేసుకురావడం కోడలు వినడం అదే మొదలు.

ఆ తర్వాత ఇల్లు చిన్నబోయింది. పెరిగిన బిల్లు మామయ్య కిక్కురుమనకుండా కట్టేశాడు. వెయిటింగ్ పాట లేక అత్తయ్య వంకాయలు అడ్డదిడ్డంగా తరిగింది. మామయ్య మాత్రం రోజూ ఫోన్ పట్టుకుని డాబామీదకి పోయేవాడు. ఎందుకని అడిగితే ఎండకి అనేవాడు.

అదే వారంలో కోడలి ఆఫీసు గ్రూపులో ఒక వింత మొదలైంది. ఎవరో పెద్దాయన ఫోన్ చేస్తున్నాడట. "మిషన్‌తో ఇబ్బంది ఏంటి సార్?" అంటే, "ఏ ఇబ్బందీ లేదండీ" అంటున్నాడట. "ఎప్పుడు కొన్నారు సార్?" అంటే, "ఇంకా కొనలేదండీ. కొంటే మీదే కొంటాను. ఉంటాను" అని ఠక్కున పెట్టేస్తున్నాడట. పెట్టేముందు ఐదు చుక్కలు. ఆ కాల్ ఒక్కసారి దగ్గినంతసేపు కూడా ఉండదు. అది పడ్డవాళ్ల సగటు సమయం ఆ పూటకి దిగిపోతోంది. "ఈరోజు నాకు తగిలాడోచ్!" అని ఒకరు రాస్తే మిగతావాళ్లు కుళ్లుకునేవాళ్లు. చిన్న కాల్ ఎలా ఉంటుందో విన్నాక కోడలూ నెమ్మదిగా నేర్చుకుంది, కావలసింది చెప్పి, మంచిమాట ఒకటి కలిపి ముగించడం. ఆ పెద్దాయన ఎవరో ఆమెకి మొదటిరోజే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

నెలాఖరున సూపర్‌వైజర్ నుంచి రెండు ముక్కల సందేశం వచ్చింది. ఉద్యోగం ఖాయం. ఎగిరి గంతేసి హాల్లోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. ఇంతలో డ్యూటీ వేళైంది. హెడ్‌ఫోన్ తగిలించుకుని మొదటి కాల్ ఎత్తింది.

"నమస్కారం సార్, మీ మిషన్‌తో ఇబ్బంది ఏంటి?"

హెడ్‌ఫోన్లో వాన చప్పుడు వినిపించింది. ఆ రోజు వాన పడుతోంది గనక మామయ్య డాబామీదకి పోలేదు కాబోలు, గోడ అవతల, అత్తయ్య వాళ్ల గదిలో మంచం కిర్రుమంది.

"ఏ ఇబ్బందీ లేదండీ... మేడమ్" అంది హెడ్‌ఫోన్లో గొంతు.

ఆ కాల్ రికార్డవుతుంది. ఆమె గొంతు సవరించుకుని, చదివినట్టుగా చెప్పింది. "సంతోషం సార్. మీలాంటి కస్టమర్ల సహకారంతో మా సిబ్బంది ఉద్యోగాలు బాగున్నాయి. కొత్తవాళ్లవి కూడా ఖాయమయ్యాయి. ఇక మీరు రోజూ ఫోన్ చేసి శ్రమపడనక్కర్లేదు."

"చాలా మంచి మాట చెప్పారు మేడమ్. అయినా రేపొకసారి కనుక్కుంటాను. ఉంటాను."

ఠక్కున పెట్టేశాడు. తెరమీద ఐదు చుక్కలు వెలిగాయి.

గోడ అవతల అత్తయ్య గొంతు వినబడింది. "ఎవరండీ ఫోన్లో?"

"కంపెనీవాళ్లే. మన పిల్ల ఉద్యోగం ఖాయం చేశారట."

"అది ఆ పిల్ల వచ్చి చెప్పాలి గానీ, మీకెందుకు చెబుతారండీ కంపెనీవాళ్లు?"

"నేను వాళ్లకి చాలా విలువైన కస్టమర్నే" అన్నాడు మామయ్య.