65537ను భాగించేది లేదు

కడప జిల్లాలోని ఒక మిషన్ ట్రైనింగ్ స్కూల్లో పంతులమ్మ చదువు చదువుతున్న రోజులవి. మా అమ్మానాన్నలు వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. మా పేట నుంచి అంతదాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఒక పరీక్షలో లెక్కల అయ్యవారు 65537కు కారణాంకాలు కనుక్కోమన్నాడు. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో మూడు, పదకొండుతో పది. కాగితం నిండింది కానీ శేషం లేకుండా ఏదీ పోలేదు. గంట కొట్టే వేళకు, "ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దీన్ని భాగించేది లేదు" అని రాసి ఇచ్చేశాను.

మరుసటి రోజు ఆయన సున్నా వేసిన నా కాగితం పట్టుకుని నన్ను అందరి ముందూ నిలబెట్టాడు.

"లేవని రాసినావే. లేవా, నీకు దొరకలేదా?"

"లేవయ్యా."

"చేతకాలేదని రాసియ్యి. పొగరన్నా తగ్గుతాది."

రాయనన్నాను. రాసేదాకా తన క్లాసులో గోడ పక్కన నిలబడమన్నాడు. నిలబడ్డాను. నిజానికి అప్పటికి నేను తొంభై ఏడు దాకానే భాగించి చూశాను. ఆయన ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం అమ్మ హాస్టలుకు జొన్నరొట్టెలు తెచ్చింది. సంగతంతా చెప్పాను.

"నువ్వు రాసిందే నిజమా?" అంది.

"ఇంకా తేలలేదు మా."

"అట్లయితే తేల్చు. తేలేదాకా నిలబడు. కాళ్లు నొస్తే గోడకానుకో."

ఆ వారమంతా పలక మీద మిగిలిన భాగహారాలు చేశాను. చివరిది 251. ఇరవై ఆరు మిగిలింది. మొత్తం యాభై నాలుగు భాగహారాలూ శుభ్రంగా కాగితం మీదికెక్కించి అయ్యవారి బల్ల మీద పెట్టాను.

"యాభై నాలుగేనా? అరవై ఐదు వేల దాకా అంకెలుండాయి," అన్నాడు.

"256ను 256తో హెచ్చిస్తే 65536 అయ్యా. మన అంకె దానికన్నా ఒకటే ఎక్కువ. ఏ రెండింటిని హెచ్చించి అది రావాలన్నా ఒకటి 256 లోపలే ఉండాల. ఆ లోపలి ప్రధాన సంఖ్యలు యాభై నాలుగే. వాటితో పోనిది వాటి గుణిజాలతోనూ పోదు."

ఆయన తన నోటుపుస్తకం తెరిచాడు. బల్ల ఇవతలినుంచే నాకు కనిపించింది. జవాబు 3, 5, 17, 257. పైన లెక్కలో ఉన్నది 65535. మాకిచ్చేటప్పుడు చివరి అంకె తప్పు రాశాడు.

పుస్తకం మూసేసి, "పోయి కూర్చో," అన్నాడు.

"మార్కులు వేయండయ్యా. కూర్చుంటా."

నేను కదల్లేదు. ఆయన ఎర్ర సిరా కలం తీసి, నా పరీక్ష కాగితం మీది సున్నా కొట్టేసి మార్కులు వేశాడు.

ఆ ఏడాది మిగిలిన రోజుల్లో ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను మాత్రం ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తాను.