ఎర్రనీళ్ల పాఠం

గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడల్లా మా అమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసేది. కాసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడేవి. బడిలో మిశ్రమాల పాఠం నేను దానితోనే చెబుతాను. ఒక గ్లాసులో ఎర్రనీళ్లు, ఒకదానిలో ఉప్పునీళ్లు, ఇంకోదానిలో పాలు పెట్టి, గింజకు ఏది లొంగుతుందో పిల్లలనే చెప్పమంటాను.

ఏళ్ల తరబడి నా పక్కన కూర్చుని నా కూర తిన్న తోటి సైన్సు టీచరు, మొన్న తనిఖీకి వచ్చిన అధికారి ముందు అవే గ్లాసులు పేర్చి, "ఇది నా సొంత ఐడియా అండి" అంది. వెనక బెంచీలో నేనున్నానన్న వెరపైనా లేదు.

"ఉప్పు కూడా అడుక్కి దిగుద్దాండీ?" అని ఒక పిల్ల అడిగింది.

"కాసేపుంచితే దిగుద్దమ్మా."

పిల్లలు రాసేసుకుంటున్నారు. ఆవిడ పరువు కోసం వాళ్లకు తప్పు నేర్పలేను కదా! లేచాను.

"దిగదు. మట్టి కరగదు కాబట్టి దిగింది, ఉప్పు కరిగిపోయింది. అనుమానమైతే పైనీళ్లు ఒక చుక్క నాలిక మీద వేసుకు చూడండి మేడం."

ఆవిడ తడబడనైనా లేదు. అధికారి వైపు తిరిగి నవ్వింది. "మా మేడం నాకు ఇలాంటి చిన్న చిన్న సాయాలు చేస్తుంటారండి."

"గుడ్. చేస్తూ ఉండండి" అన్నాడాయన నాతో.

నోరున్న మనిషినని ఊరంతా అంటారు. ఆ నోట్లో ఒక గుక్క ఉప్పునీళ్లు పోసుకుని కూర్చున్నాను.