బావ లారీకి మూడు కాళ్ల పీట

మొన్న బాల్కొండ దగ్గర ఒక హోటల్ ముందు, రంగులేసి అలంకారానికి నిలబెట్టిన పాత మిలిటరీ లారీ కనబడితే, మోకాళ్ల నొప్పులు మరచిపోయి కింద కూర్చొని దాని పొట్టలోకి తొంగిచూశాను. మా మనవరాలు నవ్వింది గానీ, నా వయసు మెకానిక్కులెవరైనా ఆ పనే చేసి ఉండేవారు.

అరవైలలో నేను నిజామాబాద్‌లో ఒక షెడ్డులో ఫిట్టర్‌ని. మోస్రాలో ఉండే మా బావ, అంటే పెద్దక్క భర్త, అలాంటి లారీతోనే తన చెరకూ చుట్టుపక్కల రైతుల చెరకూ బోధన్ ఫ్యాక్టరీకి తోలేవాడు. బురదలో బండి లాగడానికి దానికి అసలు గేర్‌బాక్సు వెనక ఇంకో చిన్న గేర్‌బాక్సు ఉండేది. అది కూర్చునే ఇనుప పీటను మేము ఫౌండేషన్ అనేవాళ్లం. ఒక ఏడు సరిగ్గా చెరకు సీజన్ నడుమ ఆ పీట విరిగింది. కొత్తది హైదరాబాదులోనూ దొరకలేదు. జిల్లాలో వెల్డింగుకు పేరున్న మా ఉస్తాద్ రెండుసార్లు అతికినా, రెండుసార్లూ నాలుగు రోజులు తిరక్కుండానే పగిలింది. నరికిన చెరకు చేలో ఎండుతుంటే బావ షెడ్డు గడప మీద కూర్చొని, "ఇంకో రెండొద్దులు గిట్లనే ఉంటె అది చెరకు గాదు, పొయ్యిల కట్టె" అన్నాడు, ఎవరినీ తప్పుపట్టకుండా. ఉస్తాద్ తలెత్తలేదు.

విరిగిన పీటను గొలుసుతో కట్టి, నేను బావ వెంట మోస్రా పోయాను. ఎడ్లబండ్లు కోసిన గాడిలో లారీని మెల్లగా నడపమని, పక్కనే వంగి నడుస్తూ చూశాను. చక్రం గుంతలో దిగినప్పుడల్లా ఛాసిస్ మొత్తం మెలిపడుతోంది. మేమేమో పీటను దానికి కదలకుండా అతికేస్తున్నాం. పగలక ఏం చేస్తుంది?

తిరిగొచ్చి, తుక్కు లారీ ఛాసిస్ ముక్క కోసి, వెనక రెండు, ముందు ఒకటి, మూడు కాళ్ల పీట తయారుచేశాను. ఛాసిస్ మెలిపడినా పీట దాంతోపాటు మెలిపడకుండా, ప్రతి కాలి కిందా పాత టైరు రబ్బరు మందంగా పరిచాను.

"రబ్బరు మీద గేర్‌బాక్సు నిలవడ్తదా?" అన్నాడు ఉస్తాద్.

"మీ వెల్డింగుల తప్పు లేదు ఉస్తాద్. పీటకే మెసల జాగ లేదు" అన్నాను, భయంభయంగానే.

ఆయన నల్లద్దాలు పెట్టుకొని, ఆ మూడు కాళ్ల అతుకులూ తానే వేశాడు.

మర్నాడు నిండు లోడుతో బోధన్ బయలుదేరితే ఆయనా ఎక్కి కూర్చున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి, తెల్ల కుర్తాతోనే లారీ కిందికి దూరి, అతుకులన్నీ వేలితో తడిమి బయటికొచ్చి, వరుసలో నిలబడ్డ డ్రైవర్లందరి ముందు, "గిది మా ఫిట్టర్ జేసిండు. నాకు సమజ్ గాలే, ఈనకు అయింది" అన్నాడు. బావ నా భుజం మీద చెయ్యేసి అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. తరువాత బావ ఆ లారీ అమ్మేదాకా ఆ పీట మళ్లీ విరగలేదు.

ఇప్పుడు ఏ భాగమైనా నంబరు చెబితే అట్టపెట్టెలో వస్తుంది, ఎవరి చెరకూ ఎండదు, అది మంచిదే. అయితే పాతది ఎందుకు విరిగిందో వంగి చూసే అవసరం కూడా పోయింది. ఇక ఉస్తాద్ అంత సులువుగా అన్న "నాకు సమజ్ గాలే" అనే మాటను, నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక నా కింద పనిచేసేవాళ్ల ముందు అనడానికి నాకు ఎన్నో ఏళ్లు పట్టింది.