వాసన పట్టే ఓబులప్ప

మా చిన్నాయన ఓబులప్ప దివంగతుడయ్యాడు. ఆళ్లగడ్డలో బండ్ల వైరింగ్ పని తెలిసినవారికి ఆయనను పరిచయం చేయనక్కరలేదు. ఆ మధ్యాహ్నం నేను స్పేర్ పార్టుల కోసం నంద్యాలలో ఉన్నాను. ఆయన పక్కింటి లక్ష్మక్క ఫోన్ చేసి, "పాపా, మీ చిన్నాయన ఇంగ లేడు. ఇంటినిండా పొగ" అంది. చాలాకాలంగా నేను భయపడుతున్నదే జరిగింది. ముందే భయపడినంత మాత్రాన దెబ్బ తగ్గదని ఆరోజు తెలిసింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో ఎలా వచ్చానో నాకు గుర్తులేదు.

నేను ఆయన అన్న కూతురిని, శిష్యురాలిని. "ఆడపిల్లకు స్క్రూడ్రైవరేంది రా?" అని మా నాయన కేకలేస్తే, "దానికి చేతులుండాయి గదన్నా, సాలు" అని నన్ను షాపులో కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటతో నా బతుకుకు దారి దొరికింది.

వినయం అన్నది ఆయనకు బొత్తిగా చేతకాలేదు. "యా బండన్నా తీసుకరా, ముక్కుతో చెప్తా" అని బజారులో నిలబడి సవాలు చేసేవాడు. చెప్పేవాడు కూడా. మాడింది క్లచ్చా, బెల్టా, వైరు తొడుగా అన్నది బానెట్ ఎత్తకముందే తేల్చేసేవాడు. ఆయన ఘ్రాణశక్తి మీద నమ్మకంతోనే నందికొట్కూరు నుంచి కూడా బండ్లు వచ్చేవి. గొప్పలు పోతున్నాడని నేను ఎగతాళి చేస్తే, "ఉన్నోడు చెప్పుకుంటాడు, నీకేం నొప్పి?" అనేవాడు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక తోటివాళ్లు వాటి జోలికి పోలేదు. చిన్నాయన మాత్రం నన్ను వెంటబెట్టుకుని కర్నూలులో శిక్షణకు వెళ్లాడు, తనకంటే చిన్నవాడైన గురువు ముందు బుద్ధిగా కూర్చుని నేర్చుకున్నాడు.

ఒకరోజు కోయిలకుంట్ల నుంచి సెనగల వ్యాపారి శెట్టి తన కొత్త ఎలక్ట్రిక్ కారు తెచ్చాడు. "పొద్దున్నే ఏసీ వేస్తే చేపలు మాడిన కంపప్పా. మా డ్రైవరేమో నేను తినలేదని ఒట్లు పెట్టుకుంటాండాడు" అన్నాడు. శెట్టి శుద్ధ శాకాహారి. ఆ డ్రైవరు పని ఊడేలా ఉంది. చిన్నాయన కారులో తల పెట్టి దీర్ఘంగా పీల్చి, "ఏం వాసన లేదు పో" అన్నాడు. నాకేమో కారు బయటికే గుప్పుమంటోంది! నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన శెట్టిని టీ తాగి రమ్మని పంపి, నెమ్మదిగా అన్నాడు: "కరోనా వచ్చినకాన్నుంచి నాకు వాసన తెలీదు పాపా. యాడా అనొద్దు."

అన్నేళ్ల గర్వం ఒక్క వాక్యంలో కూలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం, "ఏడిస్తే ముక్కు మూసుకుపోతాది, ఇంగ నీదే ముక్కు. చెప్పు, ఎట్లుంది?" అన్నాడు.

ఎండుచేపలు మాడినట్టుందన్నాను. కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే అదే వాసన వస్తుందట. శెట్టి తిరిగొచ్చాక చిన్నాయన అడిగాడు: "పోతాంటే పెరుగుతాదా, తగ్గుతాదా?" తగ్గుతుందన్నాడు శెట్టి. "ఛార్జింగ్ పెట్టిన మర్నాడే ఎక్కువా?" ఔనన్నాడు. అంతే, ముందు వైపున్న ఛార్జింగ్ మూత తెరిపించాడు. లోపల సాకెట్ నిండా గంధం, పసుపు, కుంకుమ! ఆయుధపూజనాడు మొదలుపెట్టి, శెట్టెమ్మ ప్రతి శుక్రవారం కారు లక్ష్మికి భక్తిగా అక్కడే బొట్లు పెడుతోంది. అవి ఎండి పిన్నుల మధ్య పెచ్చు కట్టాయి. సాకెట్‌లో పెట్టే ఛార్జింగ్ గన్ను సరిగ్గా కూర్చోక, వేడెక్కి, ఒక పిన్ను నల్లబడి చుట్టూ ప్లాస్టిక్ కమిలింది. ఆ కంపు ఏసీ గాలితో లోపలికి వచ్చేది.

కడిగి సరిపెడదామన్నాడు శెట్టి. చిన్నాయన ఒప్పుకోలేదు. రబ్బరు గ్లౌజులు వేసుకుని, ముందు బ్యాటరీ నుంచి కరెంటు తెంపి, కొత్త సాకెట్, కొత్త గన్ను తెప్పించి వేశాడు. ఛార్జింగ్ పెట్టి, అది పూర్తయ్యేదాకా చేత్తో తాకి చూస్తూ పక్కనే కూర్చున్నాడు. "బొట్టు బానెట్ మీద పెట్టమను శెట్టీ. నోట్లో పెడితే ఏ లక్ష్మైనా ఉమ్మేస్తాది" అన్నాడు. డ్రైవరు పని నిలబడింది. ఓబులప్ప ముక్కు మళ్లీ గెలిచిందని బజారంతా చెప్పుకున్నారు. నేను నోరు విప్పలేదు.

పిన్నమ్మ పోయాక ఆయన ఇంట్లో ఒంటరివాడు. కనీసం ఇరుగుపొరుగుకైనా చెప్పమని ఎంతో పోరాను. "ముక్కు పోయిన ఓబులప్ప కాడికి బండి ఎవురు తెస్తారు? పేరు పోయినాక నేనుండి ఏం లాభం?" అని నా నోరు మూయించాడు. స్వాభిమానం ఆయనకు అన్నం కంటే ముఖ్యం. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ మధ్యాహ్నం ఎండకు తలుపులు మూసుకుని కూలర్ వేసుకుని నిద్రపోయాడు. మోటారు తిరగక మాడింది. పొగ గదంతా కమ్ముకున్నా ఆయనకు మెలకువ రాలేదు.

"మీకు వాసన రాలేదా అక్కా?" అని లక్ష్మక్కను అడిగాను. ఆమె గుండె బాదుకుంది. "వచ్చింది పాపా, వీధంతా వచ్చింది. ఇంట్లో ఏందో పని చేసుకుంటాండాడులే అనుకుంటిమి. మాడే వాసన ఆయప్పకు తెలీకుండా ఉంటాదా అని అందరం ఊరుకుంటిమి."

నిజం ఆమెకు ఆరోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన మాట మీరి అచ్చులో రాస్తున్నాను. చిన్నాయనా, ఇంక దాచి ఏం లాభం? ఇప్పుడిక నీ పేరు పోతుందన్న భయం నీకు లేదు, నువ్వు పోతావన్న భయం నాకూ లేదు. నీ వంటి గురువు ఈ జన్మకు నాకు మళ్లీ దొరకడు. నీ పాదాలకు మొక్కుతున్నాను.